సిలువ మీది దేహానికి ఏ రంగు?

ప్రశ్న: మా సంఘంలో యౌవనస్థుల వాక్య తరగతిని నేను నడుపుతున్నాను. శ్రమదినాల ధ్యానం కోసం, సిలువ మీద క్రీస్తును నల్లజాతి మనిషిగా చూపిన ఒక చిత్రాన్ని తరగతి గోడకు పెట్టాను. యేసు నిజానికి నల్లనివాడేనని, తెల్లవాళ్లు ఆ సంగతి దాచిపెట్టారని పిల్లలకు చెప్పాను కూడా. సంఘ పెద్దలు ఇద్దరు వచ్చి, ప్రభువు శ్రమల్లోకి జాతి గొడవలు తేవద్దని, ఆయన అందరి కోసమూ చనిపోయాడని, చిత్రం తీసేయమని అన్నారు. ఒక తల్లి అభ్యంతరం మాత్రం వేరు. ఏ రంగైతేనేం, ఇంత నెత్తురును, ఇంత బాధను పిల్లల కళ్లెదుట రోజూ వేలాడదీయడం ఎందుకని ఆమె అడిగారు. చిత్రం ఉంచాలా, తీసేయాలా?

సమాధానం: చిత్రాన్ని ఉంచండి. కానీ దాన్ని ఒంటరిగా ఉంచవద్దు, దానికి మీరు చెప్పిన కారణాన్ని వచ్చే తరగతిలోనే సరిదిద్దండి. తెల్లవాళ్లు దాచిపెట్టారన్న మాట పడుచు మనసుల్లో చప్పున నాటుకుంటుంది గానీ దానికి ఆధారం లేదు. యేసు మొదటి శతాబ్దపు గలిలయ యూదుడు. నాలుగు సువార్తల్లో ఎక్కడా ఆయన ఒంటి రంగు గానీ, కళ్ల తీరు గానీ, ఎత్తు గానీ చెప్పలేదు. ఆయన రూపాన్ని కళ్లకు కట్టినట్టు వర్ణించే ‘లెంతులు లేఖ’ ఒకటి ఐరోపాలో చాలాకాలం చలామణీ అయింది. యేసు కాలపు రోమా అధికారి రాసినదని దానికి పేరు, నిజానికి అది తర్వాతి శతాబ్దాల్లో ఎవరో అల్లిన కల్పన. 2001లో బ్రిటన్‌లో రిచర్డ్ నీవ్ అనే నిపుణుడు మొదటి శతాబ్దపు యూదుడి పుర్రె ఒకదాన్ని ఆధారం చేసుకుని వెడల్పాటి ముఖం, ముదురు చామనచాయ, పొట్టి ఉంగరాల జుట్టు ఉన్న ఒక రూపాన్ని తయారుచేశాడు. అదీ యేసు ముఖం కాదు, ఆ కాలంలో ఆ నేల మీద తిరిగిన ఒకానొక మనిషి ముఖం. కనుక ఐరోపా చిత్రాల్లోని పాలమీగడ రంగు దేహం చారిత్రకంగా ఎంత నిజమో, మీ గోడ మీది ఆఫ్రికన్ పోలికలూ అంతే నిజం.

అలాంటప్పుడు చిత్రాన్ని ఉంచమని ఎందుకు అంటున్నానంటే, సిలువ చిత్రం ఏనాడూ పోలిక పట్టడానికి గీసినది కాదు. రోమీయులు సిలువ వేసే మనిషిని బట్టలు ఊడదీసి వేలాడదీసేవారు. సైనికులు ఆయన వస్త్రాలను చీట్లు వేసి పంచుకున్నారని మార్కు సువార్త చెబుతోంది. అయినా దాదాపు ప్రతి చిత్రకారుడూ నడుముకు ఒక గుడ్డ చుడతాడు, దాన్ని చారిత్రక దోషమని ఎవరూ వేలెత్తి చూపరు. చిత్రకారుడు ఏది కలిపినా మన కంటికి అలవాటైతే అది భక్తిగా, అలవాటు లేకపోతే గొడవగా కనిపిస్తుంది. మీ పెద్దల ఇబ్బందిలో సగం ఇదేనని నాకనిపిస్తుంది. వాళ్ల మీద కోపం తెచ్చుకోవలసిన పని లేదు, తెల్లని దేహాన్ని చూసి అది రంగు లేని దేహమనుకునే అలవాటు చాలా సంఘాల్లో ఉంది. 1940లో అమెరికాలో వార్నర్ సాల్‌మన్ గీసిన యేసు ముఖచిత్రం ఒక్కటే 50 కోట్లకు పైగా ప్రతులుగా ప్రపంచమంతా తిరిగిందంటే, ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర లేదు.

బాధ విషయమూ ఇంతే. సిలువ మీద బాధపడుతున్న క్రీస్తు మొదటి నుంచీ ఉన్న రూపం కాదు. మనకు దొరికిన అతి పాత సిలువ బొమ్మల్లో ఒకటి విశ్వాసులు గీసినది కూడా కాదు, రోములోని పాలటైన్ కొండ మీద ఒక గోడ గచ్చులో సుమారు 200 ప్రాంతంలో ఎవరో వెక్కిరింతగా గీకినది. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చెయ్యెత్తి నిలబడ్డ మరొక మనిషి, ‘అలెక్సామెనోసు తన దేవుణ్ణి పూజిస్తున్నాడు’ అన్న అర్థమొచ్చే గ్రీకు రాత. సిలువ అంటే ఆనాటి లోకానికి దాసులకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. క్రీస్తుపూర్వం 71లో స్పార్టకస్ నడిపిన దాసుల తిరుగుబాటును అణచిన తర్వాత కాపువా నుంచి రోము దాకా దారి పొడవునా 6,000 మందిని సిలువ వేశారని చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. అంత అవమానకరమైన చావును బొమ్మగా గీసుకోవడానికి క్రైస్తవులకు సుమారు నాలుగు వందల ఏళ్లు పట్టింది. గీసినప్పుడు కూడా బాధను పక్కన పెట్టారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, సుమారు 420ల నాటి చిన్న దంతపు పలకను చూడండి. ఎడమ పక్క చెట్టుకు ఉరిపోసుకున్న యూదా ఒళ్లు జారిపోయి వేలాడుతుంటాడు, కాళ్ల దగ్గర నాణేలు పడి ఉంటాయి. సిలువ మీది క్రీస్తు మాత్రం కళ్లు తెరిచి, వెన్ను నిటారుగా, చేతులు చాచి నిలబడినట్టే ఉంటాడు. చచ్చినవాడు ఒకడు, చావును గెలిచినవాడు ఒకడు అన్నదే అక్కడి మాట. చచ్చిపోయిన క్రీస్తు, అంటే తల వాలి, పొట్ట ముందుకు జారి, బరువుకు భుజాలు సాగిన క్రీస్తు, నిలువెత్తు కొయ్య శిల్పంగా జర్మనీలోని కొలోన్ మహాదేవాలయంలో కనిపించేది పదో శతాబ్దం చివర్లో. ఆ తర్వాత ఫ్రాన్సిస్ సన్యాసుల బోధల ప్రభావంతో బాధపడే క్రీస్తు ఐరోపా అంతటా పాకాడు.

మీ పెద్దలకు చూపించవలసిన చిత్రం ఆ పరంపరలోనే ఉంది. 1512కూ 1516కూ మధ్య మథియాస్ గ్రూనెవాల్డ్ ఐసెన్‌హైమ్ మఠం కోసం గీసిన బలిపీఠపు చిత్రం ఇప్పుడు ఫ్రాన్సులోని కోల్మార్ పట్టణపు మ్యూజియంలో ఉంది. అందులోని క్రీస్తు దేహం పచ్చబారి ఉంటుంది. ఒళ్లంతా పుండ్లు, చర్మంలో విరిగిపోయిన ముళ్ల ముక్కలు, నీలంగా మారిన పెదవులు. మేకుల చుట్టూ వేళ్లు కొంకర్లు పోయి పైకి లేచి ఉంటాయి, పాదాలు మెలి తిరిగి ఉబ్బి ఉంటాయి. ఇది సువార్తల్లో లేని వివరం. అయితే ఆ మఠం ఆంథోనీ సన్యాసులది, అక్కడి ఆసుపత్రిలో వాళ్లు చూసింది ‘పరిశుద్ధ ఆంథోనీ అగ్ని’ అనే జబ్బు పడ్డవాళ్లను. బూజు పట్టిన రై ధాన్యం తినడం వల్ల వచ్చే ఆ విషరోగంలో ఒళ్లు మండిపోతుంది, ఈడ్పులు వస్తాయి, కాళ్లూ చేతులూ కుళ్లి తీసేయవలసి వస్తుంది. ఆ రోగులను ఈ చిత్రం ముందుకు తీసుకొచ్చేవారు. అంటే గ్రూనెవాల్డ్ తన కళ్లెదుట ఉన్న రోగుల పుండ్లను తీసుకెళ్లి సిలువ మీది దేహానికి పెట్టాడు. అయిదు వందల ఏళ్లుగా దీన్ని చూసిన క్రైస్తవుల్లో ఎవరూ ‘ప్రభువు శ్రమల్లోకి ధాన్యపు జబ్బు తెచ్చారేమిటి’ అని అడిగిన దాఖలా నేనెరుగను. జబ్బుపడ్డవాడి చర్మాన్ని క్రీస్తుకు ఇవ్వడం భక్తి అయినప్పుడు, ఆ చర్మం కారణంగానే హింసపడ్డవాడి చర్మాన్ని ఇవ్వడం గొడవ ఎలా అవుతుందని పెద్దలను మర్యాదగా అడగవచ్చు.

ఇక నల్లని క్రీస్తు నిన్నమొన్నటి ఆలోచనేమీ కాదు. కాంగో రాజు 1491లో బాప్తిస్మం తీసుకున్నాక అక్కడి లోహకారులు ఇత్తడితో పోతపోసిన సిలువల్లో క్రీస్తు ముఖం కాంగో మనిషి ముఖంగానే మారింది. సిలువ చేతుల మీద, కింద చిన్న చిన్న ప్రార్థించే బొమ్మలు కూడా చేరాయి. గ్వాటెమాలాలోని ఎస్కిపులాస్‌లో 1595 నాటి ‘నల్ల క్రీస్తు’ సిలువ శిల్పం ఉంది, లక్షల మంది యాత్రికులు వస్తారు. అయితే అలాంటి శిల్పాలన్నిటినీ జాతి ప్రకటనలుగా చదవకండి. కొయ్య స్వభావం, శతాబ్దాల కొవ్వొత్తుల పొగ కూడా ఆ నలుపులో ఉన్నాయి. భక్తులు దాన్ని తమ రంగుగా సొంతం చేసుకున్నది నిజమే, చెక్కినవాడు ఉద్దేశించింది మాత్రం వేరు కావచ్చు.

రంగునే ఉద్దేశించి చేసినవి 20వ శతాబ్దంలో వచ్చాయి, వాటి వెనక మూకహత్యలున్నాయి. 1877 నుంచి 1950 వరకు అమెరికాలో 4,400 మందికి పైగా నల్లవాళ్లను మూకలు చంపాయని అలబామాలోని ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ సంస్థ నమోదు చేసింది. చంపినవాళ్లలో చాలామంది ఆదివారం గుడికి వెళ్లేవాళ్లే. ఆర్కన్సాస్‌లో పుట్టి, న్యూయార్క్‌లో దైవశాస్త్రం బోధించిన జేమ్స్ కోన్ అడిగిన ప్రశ్న ఇక్కడే ఉంది: సిలువను గురించి అంత లోతుగా రాసిన తెల్ల దైవశాస్త్రవేత్తలకు, తమ దేశంలో చెట్టుకు వేలాడుతున్న మనిషి సిలువ వేయబడినవాడిలా ఎందుకు కనిపించలేదు? రెండూ జనం మధ్య చేసిన శిక్షలే, రెంటికీ ఉద్దేశం ఒక వర్గాన్ని భయపెట్టి అణగ్గొట్టడమే. ఈ ప్రశ్న విన్నాక ‘దాసుని స్వరూపమును ధరించుకొని’ అన్న ఫిలిప్పీయుల పత్రికలోని మాటను ఇదివరకటిలా చదివి దాటిపోవడం నాకైతే కుదరలేదు.

1963 సెప్టెంబరు 15 ఆదివారం, అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో 16వ వీధి బాప్టిస్టు చర్చి మీద తెల్లజాతి దురహంకారులు పెట్టిన బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయారు. పేలుడులో ఒక రంగుటద్దాల కిటికీలోని యేసు ముఖం మాత్రం ఊడిపోయి, మిగతా బొమ్మ నిలిచి ఉంది. ఈ వార్త విన్న జాన్ పెట్స్ అనే వేల్స్ దేశపు కళాకారుడు తాను ఒక కిటికీ చేసిస్తానన్నాడు. అక్కడి పత్రిక ఒకటి చందాలు పోగుచేసింది, అయితే ఒక్కొక్కరి నుంచి అర క్రౌను అనే అప్పటి బ్రిటిష్ నాణెం ఒక్కటి మించి తీసుకోలేదు. ఎవరో ధనవంతుడు మొత్తం ఇచ్చేసి పేరు తెచ్చుకోకూడదని, వేల్స్ ప్రజల కానుకగానే ఉండాలని ఆ నియమం పెట్టారు. 1965లో అమర్చిన ఆ కిటికీలో చేతులు చాచి, తల పక్కకు వాల్చిన నల్ల క్రీస్తు ఉన్నాడు. ఒక చెయ్యి అన్యాయాన్ని నెట్టేస్తున్నట్టు, మరొక చెయ్యి క్షమాపణను అందిస్తున్నట్టు ఉంటాయి. కింద మత్తయి 25వ అధ్యాయపు మాట: ‘నాకు చేసితిరి’. మీ తరగతిలో మాట్లాడటానికి నేను మొదట ఎంచుకునే చిత్రం ఇదే, ఎందుకంటే దీన్ని చేసినవాడు తెల్లవాడు, కొలిచేవాళ్లు నల్లవాళ్లు, నల్ల క్రీస్తు నల్లవాళ్ల గొడవ మాత్రమేనన్న వాదన దీని ముందు నిలవదు.

దక్షిణాఫ్రికాలో రొనాల్డ్ హారిసన్ కథ ఇంకా కఠినమైనది. 1962లో ఇరవై రెండేళ్ల ఆ యువకుడు, నోబెల్ శాంతి బహుమతి పొందిన నల్లజాతి నాయకుడు ఆల్బర్ట్ లుథూలీని సిలువ మీది క్రీస్తుగా గీశాడు. ఆయనను హింసించే రోమా సైనికులకు, నల్లవాళ్లను అణచివేస్తున్న వర్ణవివక్ష ప్రభుత్వపు ప్రధానమంత్రి వెర్వూర్డ్, న్యాయమంత్రి ఫోర్‌స్టర్ ముఖాలు పెట్టాడు. చిత్రాన్ని కేప్‌టౌన్‌లోని ఒక చర్చిలో పెట్టగానే ప్రభుత్వం నిషేధించింది, చిత్రకారుణ్ణి పట్టుకుని హింసించింది. చిత్రాన్ని రహస్యంగా ఇంగ్లండు చేర్చితే, అది తిరిగి స్వదేశానికి వచ్చింది 1997లో.

హారిసన్ చిత్రం నాకు ఒక మెళకువ నేర్పింది. సిలువ చిత్రంలో ఒక్క దేహమే ఉండదు. కొరడా పట్టినవాళ్లు, మేకు కొట్టేవాళ్లు, వెక్కిరించేవాళ్లు కూడా ఉంటారు. జాతి ద్వేషం ఎక్కువగా చేరింది ఆ ముఖాల్లోకే. మధ్యయుగాల ఐరోపా రాతప్రతుల్లో కొన్నింట క్రీస్తును కొట్టేవాళ్ల చర్మానికి నల్లరంగు వేశారు, అక్కడ నలుపు అంటే పాపమని అర్థం. అంతకన్నా విస్తారంగా, వంకర ముక్కులు, వికారపు నవ్వులు, మొనదేలిన టోపీలు పెట్టి యూదులను హంతకులుగా గీశారు. సిలువ వేసింది రోమా సైనికులు, తీర్పు చెప్పింది పొంతి పిలాతు, సిలువ మీద ఉన్నది యూదుడు, అయినా నేరం మాత్రం తరతరాల యూదుల నెత్తిన పడింది. జర్మనీలోని ఓబర్‌అమ్మర్‌గావ్ గ్రామంలో 1634 నుంచి ఆడుతున్న శ్రమల నాటకాన్ని హిట్లర్ 1934లో చూశాడు. యూదుల ముప్పు గురించి చెప్పడానికి అది పనికొస్తుందని తర్వాత మెచ్చుకున్నాడు కూడా. క్రీస్తు శ్రమలకు ఆనాటి యూదులందరినీ గానీ ఈనాటి యూదులను గానీ బాధ్యులను చేయకూడదని కతోలిక సంఘం అధికారికంగా ప్రకటించింది 1965లో.

యూదుడైన మార్క్ షగాల్ 1938లో గీసిన తెల్లని సిలువ చిత్రం దీనికి జవాబు లాంటిది. ఇప్పుడది చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. నేను ముందు చెప్పిన నడుము గుడ్డ దగ్గర అతను యూదులు ప్రార్థనలో కప్పుకునే నల్లచారల శాలువా చుట్టాడు, తలకు ముళ్ల కిరీటం బదులు గుడ్డ కట్టాడు. సిలువ చుట్టూ తగలబడుతున్న యూదుల సమాజమందిరం, పడవలో పారిపోతున్న జనం, మూటలు పట్టుకుని పరుగెత్తేవాళ్లు. ఐరోపాలో యూదుల ఇళ్లు కాలుతున్న ఏడాదిలో, మీరు సిలువ వేసినట్టు గీసుకున్నది మా మనిషినే అని ఒక యూదుడు క్రైస్తవులకు గుర్తుచేశాడు. మీ నల్ల క్రీస్తు పక్కన ఉంచవలసింది ఇదే. లేకపోతే తెల్లదనాన్ని తీసేసే తొందరలో ఆయన యూదుడన్న సంగతిని మనం మరోసారి చెరిపేస్తాం. ఆయనకు జాతి లేకపోలేదు, ఉంది, ఆ జాతి కూడా హింసపడింది.

ఇక పెద్దలు చెప్పిన ‘అందరి కోసం’ అన్న మాట. అది తప్పని మీరు వాదించవద్దు, అది సువార్తే. అయితే అందరి కోసం చనిపోయినవాడు అందరిలాంటి ఊహామనిషిగా చనిపోలేదు. ఒక కాలంలో, ఒక సామ్రాజ్యం కింద, ఒక ప్రజలో పుట్టిన మనిషిగా, దాసులకు వేసే శిక్షతో చనిపోయాడు. తెల్ల క్రీస్తును గీసిన ఐరోపా చిత్రకారులను కూడా నేను తప్పుపట్టను. గ్రూనెవాల్డ్ తన చుట్టూ ఉన్న మనుషులనే గీశాడు, కాంగో లోహకారుడూ అదే చేశాడు. తప్పు ఎక్కడ వచ్చిందంటే, ఆ చిత్రాల్లో ఒక రకాన్ని మాత్రమే ఓడల్లో ఎక్కించి లోకమంతా పంచి, మిగతావాళ్ల చర్మం దేవుని ముఖానికి తగదని చెప్పకుండానే చెప్పినప్పుడు.

ఆ తల్లి అడిగిన ప్రశ్నే ఈ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైనదని నా అభిప్రాయం. బాధను చూపడం దానంతటదే పుణ్యం కాదు. మూకహత్యల ఫోటోలను ఒకప్పుడు అమెరికాలో పోస్టుకార్డులుగా అచ్చువేసి అమ్మారు, కొన్నవాళ్లు వాటిని స్నేహితులకు పంపుకున్నారు. చిత్రహింస పడిన నల్లదేహాన్ని చూసి ఆనందించిన కళ్లు ఉన్న లోకంలో, నల్ల క్రీస్తు ఒంటి మీద నెత్తురును ఎంత ఎక్కువ చూపితే అంత మంచిదని ఎవరూ అనలేరు. దీనికి మరో కోణం కూడా ఉంది. దైవశాస్త్రవేత్త డెలోరెస్ విలియమ్స్ నల్లజాతి స్త్రీల చరిత్ర నుంచి సిలువ బోధను గట్టిగా ప్రశ్నించింది. ఇతరుల పిల్లలను పెంచడానికి, ఇతరుల పొలాల్లో చాకిరీ చేయడానికి, ఇతరుల బదులు బాధపడటానికి తరతరాలుగా నిర్బంధించబడిన స్త్రీకి, వేరొకరి బదులు బాధపడటమే రక్షణ అని చెబితే ఆ నిర్బంధమే పవిత్రమైపోతుందని ఆమె వాదన. రక్షణను యేసు బతికిన తీరులో, ఆయన చేసిన స్వస్థతల్లో, బోధలో వెతకాలి గాని ఆయన చంపబడటంలో కాదని ఆమె అన్నది. నేను అంత దూరం వెళ్లను. సిలువ లేని సువార్తను పౌలు గుర్తుపట్టడు. కానీ దెబ్బలు తింటున్న భార్యతోనో, అవమానం పడుతున్న పనివాడితోనో ‘ప్రభువూ ఓర్చుకున్నాడు, నువ్వూ ఓర్చుకో’ అని చెప్పడానికి సిలువ చిత్రాన్ని వాడిన సంఘాలు ఎన్ని ఉన్నాయో తలచుకుంటే, ఆమె హెచ్చరికను పక్కన పెట్టడానికి మనసు రాదు. మీ తరగతిలో కూర్చున్నవాళ్లలో ఇంట్లో దెబ్బలు తినేవాళ్లు ఎవరో మీకు తెలియదు.

కనుక ఆచరణలో ఇలా చేయండి. చిత్రాన్ని రోజూ వేలాడదీయడం మానేసి, తరగతి జరిగే గంటసేపు మాత్రం బయటికి తీయండి. అలవాటైపోయిన బాధను ఎవరూ చూడరు, కాబట్టి ఆ తల్లి మాటకు ఆ మేరకు మీరు తలొగ్గవలసిందే. మొదట మార్కు 15వ అధ్యాయం చదివించండి, కురేనీయుడైన సీమోను దగ్గర కాసేపు ఆగండి. ఉత్తరాఫ్రికా నుంచి వచ్చి, పొలం నుంచి నడిచి వెళ్తున్న ఆ మనిషి చేత సైనికులు బలవంతంగా సిలువ మోయించారు. అతను నల్లవాడని సువార్త చెప్పలేదు, మీరూ చెప్పవద్దు. అయితే నల్లజాతి సంఘాలు అతనిలో తమను చూసుకున్నాయని చెప్పవచ్చు. ఆ తర్వాత గ్రూనెవాల్డ్, షగాల్, బర్మింగ్‌హామ్ కిటికీ, మీ చిత్రం వరుసగా చూపించి, ‘యేసు ఏ రంగు’ అని కాకుండా, ‘దీన్ని ఎవరి కోసం గీశారు, వాళ్లకు అప్పుడు ఏం జరుగుతోంది, చుట్టూ ఉన్నవాళ్లకు ఎవరి ముఖాలు పెట్టారు’ అని అడగండి. కాసేపు వాళ్లనే మాట్లాడనివ్వండి, మధ్యలో దూరి తీర్పు చెప్పవద్దు. మీ తరగతిలో ముదురు రంగు చర్మమున్న పిల్లలెవరైనా ఉంటే వాళ్లను ప్రత్యేకంగా లేపి అభిప్రాయం అడగవద్దు, అది వాళ్లను కూడా చిత్రంగా మార్చడమే.

పెద్దలిద్దరినీ ఆ తరగతికి ముందుగానే పిలవండి, వెనక వరుసలో కూర్చుని వినమనండి. అప్పటికీ వద్దంటే సంఘకాపరి సమక్షంలో ఒకసారి మాట్లాడి, చిత్రాన్ని మందిరంలో కాకుండా మీ తరగతిలో, ఆ గంటకే వాడుకునేలా అనుమతి అడగండి. చాలామంది పెద్దలు అంతవరకు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఈ ఏడాదికి చిత్రం లేకుండా మార్కు 15 చదవండి, సంగతులన్నీ నోటితో చెప్పండి, వచ్చే శ్రమదినాల్లో మళ్లీ అడగండి.